కాంక్రీటులో చిక్కుకున్న గాలి

మిక్సర్ నుంచి దిగిన కాంక్రీటు నిండుగా, చిక్కగా కనిపించినా, దట్టించక ముందు దాని ఘనపరిమాణంలో 5 నుంచి 20 శాతం దాకా గాలే ఉంటుంది. ఘనపరిమాణంలో 5 శాతం మేర గాలి లోపలే ఉండిపోయినా గట్టిదనం సుమారు 30 శాతం పడిపోతుంది. ఎంత మంచి సిమెంటు వాడినా ఈ నష్టం పూడదు. అందువల్ల పోసిన తర్వాతి కొద్ది నిమిషాలకూ మిశ్రమం తయారీకి ఇచ్చినంత శ్రద్ధ ఇవ్వవలసిందే.

కంకర, ఇసుక ఒకదానినొకటి ఒరుసుకుని నిలబడటం వల్ల వాటి మధ్య ఖాళీలు ఏర్పడతాయి. నిమిషానికి సుమారు 10,000 సార్లు కంపించే కడ్డీలాంటి పరికరాన్ని, అంటే వైబ్రేటర్ నీడిల్‌ను, దింపగానే ఆ రాపిడి తగ్గి, దాని చుట్టూ ఉన్న మిశ్రమం కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఫ్రెంచ్ ఇంజనీరు యూజెన్ ఫ్రేసినే 1917లోనే ఈ కంపన పద్ధతికి పేటెంటు పొందాడు. కంపనం మొదలైన వెంటనే కంకర సర్దుకుని పైభాగం చదునవుతుంది. గాలి బుడగలు పైకి తేలి పగలడం ఆ తర్వాతి దశ, దానికే ఎక్కువ సమయం కావాలి. చదునైంది కదా అని నీడిల్‌ను లాగేస్తే అసలు పని మిగిలిపోయినట్లే.

నీడిల్‌ను నిటారుగా, వేగంగా దించి, 5 నుంచి 15 సెకన్లు ఉంచి, అది వదిలిన గుంత తనంతట తానే పూడుకునేంత నెమ్మదిగా పైకి తీయాలి. దించిన వెంటనే దాని ధ్వని కాస్త మందగించి, గాలి పోయేకొద్దీ మళ్లీ పెరిగి ఒకే స్థాయిలో నిలుస్తుంది. అప్పటికి బుడగలు ఆగి, ఉపరితలం మీద తడి మెరుపు వస్తుంది. అనుభవమున్న మేస్త్రీలు కంటితో పాటు చెవితోనూ పని చేసేది ఇందుకే. ఒక్కో పొరను 30 నుంచి 50 సెంటీమీటర్ల మందంలో పోసి, కింది పొర గట్టిపడక ముందే నీడిల్ దానిలోకి 10, 15 సెంటీమీటర్లు దిగేలా చూడాలి. లేకపోతే రెండు పొరలూ కలవక, ఆ అతుకు వెంట నీరు ఊరుతుంది.

కుప్పగా పడిన కాంక్రీటును నీడిల్‌తో పక్కకు నెట్టడం చాలాచోట్ల కనిపించే తప్పు. సిమెంటు పాలూ ఇసుకా ముందుకు జారిపోయి, కంకర వెనకే ఉండిపోతుంది. షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) విప్పినప్పుడు తేనెపట్టులాంటి బొక్కలు బయటపడేది ఇలాంటి చోట్లనే. వాటి గుండా తేమ చేరి లోపలి ఊచలు తుప్పు పడతాయి. సులువుగా జారుతుందని నీళ్లు కలపడం ఇంకా హానికరం, ఎందుకంటే సిమెంటు చర్యకు అవసరం లేని నీరు ఆవిరైపోయి సూక్ష్మరంధ్రాలను మిగులుస్తుంది.

ద్రవంలా ప్రవర్తించే ఈ గుణమే ప్రమాదానికీ కారణం. ఘనపు మీటరు కాంక్రీటు బరువు సుమారు 2,400 కిలోలు; 3 మీటర్ల ఎత్తు గోడను ఒకేసారి పోసి కంపింపజేస్తే, అడుగున షట్టరింగ్ మీద చదరపు మీటరుకు 7 టన్నులకు పైగా ఒత్తిడి పడుతుంది. చలికాలంలో గట్టిపడటం ఆలస్యమవుతుంది గనుక ఆ ఒత్తిడి ఎక్కువసేపు నిలుస్తుంది. కాబట్టి గంటకు ఎంత ఎత్తు పోయాలో ముందే నిర్ణయించుకోవాలి. కాంక్రీటును పంపుతో పోసేటప్పుడు పైపులో గాలి చిక్కితే చివరి గొట్టం ఒక్కసారిగా కొరడాలా విసురుకుంటుంది. పంపు మొదలుపెట్టేటప్పుడు దాని దరిదాపుల్లో ఎవరూ ఉండకూడదు.

పచ్చి కాంక్రీటు పీహెచ్ 12 నుంచి 13 వరకు ఉంటుంది, అంటే అది తీవ్రమైన క్షారం. అది బూట్లలోకి చేరినా, తడి స్లాబు మీద మోకాళ్లూని పనిచేసినా చర్మం కాలుతుంది. మొదట్లో నొప్పి తెలియకపోవడం వల్ల గంటల తర్వాత గాని గాయం సంగతి బయటపడదు. ఎత్తైన రబ్బరు బూట్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలతో పాటు దగ్గరలో శుభ్రమైన నీరు ఉండటం కాంక్రీటు పనిలో భాగమే. నీడిల్ పట్టే మనిషిని మధ్యమధ్య మార్చాలి. ఎడతెగని కంపనం వేళ్ల రక్తనాళాలనూ నరాలనూ దెబ్బతీస్తుంది.

జపాన్‌లో నిపుణులైన పనివారు తగ్గి కట్టడాల మన్నిక దెబ్బతింటున్నప్పుడు, టోక్యో విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ హజిమె ఒకమురా 1986లో వైబ్రేటర్ అవసరం లేకుండా తనంతట తానే సర్దుకునే కాంక్రీటును ప్రతిపాదించారు. 1988లో దాని నమూనా సిద్ధమైంది. ఊచలు కిక్కిరిసిన చోట అది ఎంతో మేలు. అయితే పోసినంతసేపూ అది ద్రవమే, అందుచేత షట్టరింగ్‌ను పూర్తి ద్రవపీడనానికి తట్టుకునేలా బిగించాలి.