ఇరవై ఏళ్ల ఎంపీ, తొమ్మిదేళ్ల విసుగు

2015 మే నెలలో జరిగిన బ్రిటన్ సాధారణ ఎన్నికల్లో లేబర్ పార్టీ ప్రచార సారథి డగ్లస్ అలెగ్జాండర్. అప్పటికే మంత్రిగా చేసినవారు, పార్టీ గెలిస్తే విదేశాంగ మంత్రి అవుతారని అందరూ అనుకున్నవారు. ఆయన సొంత సీటులోనే ఓడిపోయారు. ఓడించిన స్కాటిష్ నేషనల్ పార్టీ అభ్యర్థి మారీ బ్లాక్ వయసు 20 ఏళ్లు. గ్లాస్గో యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చదువుతున్న ఆమెకు అప్పటికి డిగ్రీ చివరి పరీక్ష ఇంకా మిగిలే ఉంది. ఎంపీ అయ్యాకే ఆ పరీక్ష రాసి ఫస్ట్ క్లాసులో పాసైంది.

నియోజకవర్గం స్కాట్లాండ్‌లోని పేస్లీ అండ్ రెన్‌ఫ్రూషైర్ సౌత్. మన చీరల మీది మామిడి పిందె డిజైన్‌కు ఇంగ్లీషులో పేస్లీ ఊరి పేరే ఉంది. కశ్మీరు శాలువాలను చూసి ఇక్కడి నేతగాళ్లు 19వ శతాబ్దంలో ఆ నమూనాను గుట్టలుగా నేసి అమ్మారు. తర్వాత మిల్లులు మూతపడ్డాయి, లేబర్ ఓటు మాత్రం చెక్కుచెదరలేదు. 2010లో అలెగ్జాండర్ ఆధిక్యం 16,614 ఓట్లు. అయిదేళ్లకు అదంతా కొట్టుకుపోయి బ్లాక్ 5,684 ఓట్లతో గెలిచింది.

1667 తర్వాత ఇంత చిన్న వయసు ఎంపీ లేరని అప్పట్లో చాలా పత్రికలు రాశాయి. అంత దూరం వెళ్తే లెక్క తప్పుతుంది. 21 ఏళ్లు నిండనివారు సభకు రాకూడదని 1695లోనే చట్టం చేసినా, పలుకుబడి ఉన్న కుటుంబాలు దాన్ని పట్టించుకోలేదు. చార్లెస్ జేమ్స్ ఫాక్స్ 1768లో 19 ఏళ్లకే ఎంపీ అయ్యాడు. 1832 ఎన్నికల సంస్కరణల తర్వాత అందరికంటే చిన్న ఎంపీ బ్లాక్ అనడం వరకు సరైనది. నన్నడిగితే ఈ రికార్డు కంటే ముఖ్యమైన సంగతి చట్టంలో ఉంది. బ్రిటన్ ఓటు హక్కు వయసును 1969లో 21 నుంచి 18కి తగ్గించింది గానీ పోటీ చేసే వయసును 21 దగ్గరే వదిలేసింది. ఆ ఏడాదే ఉత్తర ఐర్లాండ్ నుంచి ఉప ఎన్నికలో గెలిచిన బెర్నడెట్ డెవ్లిన్‌కు 21 ఏళ్లు. ఇంకాస్త చిన్నదైతే నామినేషనే చెల్లేది కాదు. 18 ఏళ్లకే పోటీ చేయవచ్చని 2006లో చట్టం మార్చారు. ఆ మార్పు రాకపోయుంటే 2015లో మారీ బ్లాక్ పేరు బ్యాలెట్ మీద ఉండేదే కాదు.

అయితే చట్టం దారి ఇచ్చిందే తప్ప ఓట్లు తెచ్చిపెట్టలేదు. వాటి మూలం 2014 సెప్టెంబరు 18 నాటి స్వాతంత్ర్య రెఫరెండం. స్కాట్లాండ్ విడిపోవద్దని 55 శాతం మంది తీర్పు చెప్పారు. ఓడిన పక్షం మాత్రం ఇంటికి పోలేదు. పాతిక వేల సభ్యులున్న, విడిపోవాలని కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ కొన్ని నెలల్లోనే లక్ష దాటింది. బ్లాక్‌ది తరాలుగా లేబర్‌కు ఓటేసిన కుటుంబం. అయినా ఆమె విడిపోవాలన్న పక్షాన ఊరంతా తిరిగి ప్రచారం చేసింది. మరుసటి ఏడాది స్కాటిష్ నేషనల్ పార్టీ స్కాట్లాండ్‌లోని 59 సీట్లలో 56 గెలిచింది. 41 సీట్లున్న లేబర్‌కు ఒక్కటే మిగిలింది. ఇంత పెద్ద గాలిలో అభ్యర్థి వయసు ఓ వింతగా కనిపించిందే గానీ అసలు కారణం అది కాదు.

ఆమెకంటూ పేరు వచ్చింది జులై 14న చేసిన తొలి ప్రసంగంతో. తొలి ప్రసంగంలో సొంత ఊరి గొప్పలు చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ. తన పార్టీవాళ్లంతా కవి రాబర్ట్ బర్న్స్‌ను తమ తమ నియోజకవర్గాలకు అంటగట్టుకుంటున్నారనీ, తనకా కష్టం లేదనీ, స్కాట్లాండ్ స్వాతంత్ర్య వీరుడు విలియం వాలెస్ పుట్టింది తన నియోజకవర్గంలోనేననీ నవ్వించింది. ఆ వెంటనే స్వరం మారింది. ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసినప్పుడు పరిచయమైన ఒకాయన గురించి చెప్పింది. తిండికి లేక కడుపు మాడ్చుకుని ఉపాధి కార్యాలయానికి బయల్దేరి దారిలో స్పృహ తప్పాడు. చేరేసరికి పావుగంట ఆలస్యం. అందుకు శిక్షగా 13 వారాల భృతి ఆపేశారు. ఆ నెల బడ్జెట్‌లోనే ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ 21 ఏళ్లలోపు వారికి ఇంటి అద్దె సాయం కోసేశారు. లండన్ బయటి ఎంపీలకు మాత్రం లండన్ బస ఖర్చు ప్రభుత్వానిదే. కాబట్టి దేశం మొత్తంలో ఈ మంత్రి అద్దె విషయంలో ఆదుకునే ఇరవై ఏళ్ల మనిషిని నేనొక్కదాన్నే అని దెప్పింది. చివర్లో లేబర్ సభ్యులవైపు తిరిగి, నేను మీ పార్టీని వదల్లేదు, మీ పార్టీయే నన్ను వదిలేసిందంది. ఆ వీడియోను కొద్ది రోజుల్లోనే కోటిసార్లకు పైగా చూశారు.

తర్వాత సంగతి వీడియోల్లో కనిపించదు. 1950ల్లో పుట్టిన మహిళల పింఛను వయసును సరైన సమాచారం ఇవ్వకుండా పెంచారన్న సమస్యను ఆమె భుజాన వేసుకుంది. 2016 జనవరిలో ఆమె పెట్టిన తీర్మానం 158–0తో నెగ్గింది. ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు, అయినా ప్రభుత్వం కదల్లేదు. అలాంటి తీర్మానాలకు కట్టుబడాల్సిన పని ప్రభుత్వానికి లేదు మరి! భృతి ఆపేముందు ఆ మనిషి పరిస్థితి పరిశీలించాలంటూ ఆమె తెచ్చిన బిల్లు ఆ ఏడాది డిసెంబరులో మొదటి పెద్ద చర్చ దగ్గరే ఆగిపోయింది. వెస్ట్‌మినిస్టర్ (లండన్‌లోని పార్లమెంటు) అంటే తనకు పడదనీ, రెండేళ్లలో అయిన పని చాలా తక్కువనీ 2017లోనే బాహాటంగా అనేసింది. అక్కడ ఓటు వేయాలంటే బటన్ నొక్కితే చాలదు, లేచి ప్రత్యేక లాబీలోకి నడిచి వెళ్లి లెక్కకు రావాలి, ప్రతి ఓటింగ్‌కూ పావుగంట. చప్పట్లు కొడితే స్పీకర్ మందలిస్తారు. 650 మంది సభ్యులకు కూర్చునే చోటు అందరికీ సరిపోదు.

బయట మరో బాధ. టీనేజీలో పెట్టిన ట్వీట్లను పత్రికలు మొదట్లోనే తవ్వి తీశాయి. 2018 మార్చిలో మహిళా ద్వేషంపై చర్చ జరిగినప్పుడు, తనకు రోజూ వచ్చే బూతు సందేశాలను ఒక్క అక్షరం మార్చకుండా చదివి వినిపించింది. 2022 డిసెంబరులో వెస్ట్‌మినిస్టర్‌లో పార్టీ ఉపనాయకురాలైంది. ఏడు నెలలు తిరక్కుండానే, వచ్చే ఎన్నికల్లో నిలబడనని ప్రకటించింది. ఆ భవనం వాతావరణమే విషపూరితమని చెప్పిన కారణాల్లో భద్రత గురించిన భయం కూడా ఉంది. అప్పటికి ఆమె వయసు 28.

ఇది ఆమె ఒక్కరి కథ కాదు. 2019లో 23 ఏళ్లకు నాటింగ్‌హామ్ ఈస్ట్ నుంచి గెలిచిన నాడియా విటోమ్, మానసిక ఆరోగ్యం దెబ్బతిని 2021లో సెలవు పెట్టాల్సి వచ్చింది. 2024లో 22 ఏళ్ల సామ్ కార్లింగ్ 39 ఓట్లతో గట్టెక్కి, సభలో అతి చిన్నవారికి దక్కే ‘బేబీ ఆఫ్ ది హౌస్’ బిరుదు అందుకున్నాడు. ఆ బిరుదే ఒక రకం చులకన అనిపిస్తుంది నాకు. అదే ఎన్నికల్లో బ్లాక్ వదిలేసిన సీటు లేబర్ చేతికి వచ్చింది, డగ్లస్ అలెగ్జాండర్ మరో చోటు నుంచి గెలిచి మళ్లీ మంత్రి అయ్యారు. బ్లాక్ ఎడిన్‌బరా ఫ్రింజ్ అనే కళోత్సవం వేదిక మీద హాస్య ప్రదర్శన ఇచ్చింది. పార్టీకి కూడా దూరమైనట్టు 2025లో చెప్పింది.

మన లోక్‌సభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి. ఆ నిబంధన అక్కడ ఉండుంటే 1994 సెప్టెంబరులో పుట్టిన బ్లాక్‌కు 2019 డిసెంబరు ఎన్నికల్లో గానీ అర్హత వచ్చేది కాదు. నిజానికి ఆ ఎన్నికల్లో ఆమె మూడోసారి, 10,679 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. బ్రిటన్ ప్రభుత్వం 2025 జులైలో ఓటు హక్కు వయసును 16కి తగ్గిస్తామని ప్రకటించింది. పోటీ చేసే వయసు మాత్రం 18 దగ్గరే ఉంటుంది. 1969 నాటి ఎడం మూడేళ్లు, దాన్ని పూడ్చడానికి 37 ఏళ్లు పట్టింది. ఈసారి ఎడం రెండేళ్లు.