ఆక్యుపేషనల్ థెరపీ చదువు: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఇంటర్ బైపీసీ ఫలితాలు వెలువడిన వారం రోజుల్లోనే తెలిసినవాళ్ల దగ్గర నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదని, అమ్మాయిని ఆక్యుపేషనల్ థెరపీలో చేర్పించమంటారా అని అడుగుతారు. ఆస్పత్రిలో పని చేస్తూ, ఇంటర్న్‌షిప్‌కు వచ్చే విద్యార్థులకు పని నేర్పుతూ ఉండటం వల్ల, ఆ ఫోన్లలో పదేపదే వినిపించే కొన్ని ఊహలకు సమాధానం రాసిపెట్టడం మంచిదనిపించింది.

అపోహ: ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కనుక, జబ్బు చేసినవారికి ఉద్యోగాలు చూపించే చదువు ఇది.

వాస్తవం: ఈ శాస్త్రంలో ఆక్యుపేషన్ అంటే మనిషి రోజంతా చేసుకునే పనులన్నీ. పళ్లు తోముకోవడం, స్నానం, వంట, బడిలో రాత, పొలం పని, పూజ, మనవలతో ఆట, అన్నీ అందులోకే వస్తాయి; జీతం వచ్చే ఉద్యోగం వాటిలో ఒకటి మాత్రమే. జబ్బు వల్లో గాయం వల్లో ఆ పనులు కష్టమైనవారు వాటిని మళ్లీ చేసుకోగలిగేలా సాయపడడమే ఈ చికిత్స. ఈ చదువు మన దేశానికి కొత్తదీ కాదు. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో కమలా నింబ్కర్ తొలి శిక్షణ పాఠశాలను ప్రారంభించారు. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపక దేశాల్లో భారత్ కూడా ఉంది.

అపోహ: ఇది ఫిజియోథెరపీకే మరో పేరు.

వాస్తవం: ఈ అపోహకు కొంత కారణం లేకపోలేదు. రెండు కోర్సుల విద్యార్థులూ అనాటమీ, ఫిజియాలజీ చదువుతారు. కీలు ఎంత వంగుతుందో గోనియోమీటర్‌తో కొలవడం, కండరాల బలానికి 0 నుంచి 5 వరకు గ్రేడ్ ఇవ్వడం ఇద్దరూ నేర్చుకుంటారు. తేడా ఆ కొలతల తరువాత మొదలవుతుంది. ఆ చేతితో ఈ మనిషి ఏ పని చేసుకోవాలి, ఆ పనిలో ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాడు అన్న ప్రశ్న మా విద్యార్థిని చివరి ఏడాది వరకు వదలదు.

దీన్నే మేము యాక్టివిటీ అనాలిసిస్ అంటాం. నా దృష్టిలో ఈ చదువుకు వెన్నెముక అదే. పప్పన్నం కలుపుకుని తినడాన్నే తీసుకోండి. కూర్చున్నప్పుడు పక్కకు ఒరిగిపోకుండా నడుము నిలబడాలి. కంచం అందుకోవడానికి భుజం, మోచేయి సాగాలి. కలిపేటప్పుడు కిందికి తిరిగి ఉన్న అరచేయి, ముద్దను నోటి దగ్గరకు తెచ్చేసరికి పైకి తిరగాలి. వేళ్లు అన్నాన్ని చిదిమెయ్యకుండా ముద్ద చెయ్యాలి. అన్నం వేడిగా ఉందో లేదో చర్మానికి తెలియాలి. కండరాల సంగతి అక్కడితో అయిపోతుంది గానీ పని అయిపోదు. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన కంచంలో కుడివైపున్న అన్నమంతా తిని, ఎడమవైపు సగాన్ని ముట్టుకోకుండా వదిలేస్తూ ఉంటే, ఇంట్లోవాళ్లు ఆకలి మందగించిందనుకున్నారు. నిజానికి మెదడు కుడిభాగం దెబ్బతినడం వల్ల ఎడమవైపున్నది ఆయన గమనంలోకి రావడం లేదు. కంచం తిప్పి పెడితే మిగిలినదీ తిన్నారు. విద్యార్థి న్యూరాలజీ, సైకాలజీ చదివేది ఇలాంటి కంచాన్ని చూసి కారణం పోల్చుకోవడానికే.

అపోహ: పిల్లలతో ఆడించడమే పని, అందులో పెద్దగా చదవాల్సిందేమీ ఉండదు.

వాస్తవం: ఊయల, బంతి, రంగు పూసలు మాత్రమే చూసినవారికి అలా అనిపించడం సహజం. ఏ పిల్లవాడిని ఊయల ఎక్కించాలో, ఎంతసేపు ఊపాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించడానికి వెనక పిల్లల ఎదుగుదల, ఇంద్రియాల పనితీరు గురించిన చాలా చదువు ఉంటుంది. పైగా పిల్లల విభాగం శిక్షణలో ఒక భాగం మాత్రమే. మానసిక వైద్యం, ఎముకల విభాగం, కాలిన గాయాలు, చేతి శస్త్రచికిత్సలు, వృద్ధుల సంరక్షణ వంటి చోట్ల కూడా విద్యార్థులు పని నేర్చుకుంటారు. ప్రపంచ సమాఖ్య ప్రమాణాల ప్రకారం కనీసం 1,000 గంటలు క్షేత్ర శిక్షణ ఉండాలి.

అపోహ: స్ప్లింట్లు (చేతిని, వేళ్లను సరైన భంగిమలో నిలిపి ఉంచే పట్టీలు) మందుల షాపులో దొరుకుతాయి, వాటిని తొడిగితే చాలు.

వాస్తవం: కొన్నిటికి రెడీమేడ్ సరిపోతుంది. మణికట్టు వాలిపోయిన చేతికో, కాలిన గాయాల వల్ల ముడుచుకుపోతున్న చేతి వేళ్లకో సరిపోదు. అందుకే విద్యార్థులు థర్మోప్లాస్టిక్ షీటును వేడినీళ్లలో మెత్తబరిచి, అది గట్టిపడేలోపు రోగి చేతిమీదే మలచడం నేర్చుకుంటారు. మణికట్టు స్ప్లింట్ పొడవు ముంజేతిలో మూడింట రెండు వంతులు ఉండాలి, వేళ్ల మొదళ్ల దగ్గరి అరచేతి గీత దాటి ముందుకు వస్తే వేళ్లు మడవడానికి అడ్డుపడుతుంది. నేను విద్యార్థినిగా చేసిన తొలి స్ప్లింట్‌లో చిటికెన వేలి వైపు మణికట్టు ఎముక దగ్గర ఒత్తిడి తగ్గించడం మరచిపోయాను. రోగికి తొడగకముందే మా మేడమ్ దాన్ని చూసి, అదే కొలతతో నా చేతికి ఒకటి చేయించి, ఆ రాత్రంతా వేసుకోమన్నారు. తెల్లారేసరికి ఎముక మీద ఎర్రటి మచ్చ పడింది. తీసిన ఇరవై నిమిషాలకూ ఆ ఎరుపు పోకపోతే స్ప్లింట్ సవరించాలన్న నియమం నాకు పుస్తకం కంటే ముందు ఆ మచ్చ నేర్పింది.

అపోహ: పరీక్షలూ స్కేళ్లూ (రోగి సామర్థ్యానికి మార్కులు వేసే ప్రశ్నావళులు) కంఠస్థం చేస్తే చాలు.

వాస్తవం: స్కేళ్లు తప్పకుండా నేర్చుకోవాలి. కాని అవి ఎక్కడ పుట్టాయో గుర్తుంచుకోవాలి. రోజువారీ పనులకు 100 మార్కులు వేసే బార్తెల్ ఇండెక్స్‌లో, భోజనం దగ్గర వెన్న పూసుకోవడానికి సాయం కావాలా అన్న ప్రస్తావన ఉంటుంది. చేత్తో అన్నం కలుపుకునే అవ్వకు ఆ ప్రశ్న ఎలా వెయ్యాలి? కింద కూర్చుని లేవడం, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, గొంతుకూర్చునే మరుగుదొడ్డి వాడడం ఆ స్కేలులో విడిగా లేవు. అవి అడిగి తెలుసుకోవలసినవి, వీలైతే ఇంటికి వెళ్లి చూడవలసినవి. ఆస్పత్రి వరండాలో చక్రాల కుర్చీ చక్కగా నడిపిన మనిషికి ఇంట్లో స్నానాలగది గుమ్మం రెండడుగులే ఉండవచ్చు. పెద్దల చక్రాల కుర్చీ వెడల్పు సాధారణంగా అంతకు మించే ఉంటుంది. అందుకే నా దగ్గరకు వచ్చే ఇంటర్న్‌ల జేబులో గోనియోమీటర్‌తో పాటు కొలత టేపు కూడా ఉందో లేదో మొదటి రోజే చూస్తాను.