అరువు తెచ్చుకున్న విషం

డాలస్‌లో ఉండే ఒక పాఠకురాలు తమ పెరట్లో వాలిన మోనార్క్ సీతాకోకచిలుక ఫోటో పంపి, "మా ఊళ్ళో జిల్లేడు చెట్ల దగ్గర తిరిగేది ఇదేనా అండీ?" అని అడిగారు. ఇది కాదు, దీని దాయాది. పేరు ప్లెయిన్ టైగర్. రెండూ డనాయస్ ప్రజాతివే. మోనార్క్ వెనక రెక్క నిండా నల్లటి ఈనెలు. ప్లెయిన్ టైగర్‌కి ఆ రెక్క మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలే. మోనార్క్ వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో కొండలకు పోయే కథ అందరూ చెప్పేదే, వదిలేద్దాం. అసలు సంగతి తిండిలో ఉంది.

ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు జిల్లేడు ఆకు తింటుంది, మోనార్క్ గొంగళిపురుగుది మిల్క్‌వీడ్ ఆకు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, తుంచితే పాలు కారతాయి. ఆ పాలలో కార్డినొలైడ్లనే విషాలుంటాయి. వాటిలో ఒకటైన కెలొట్రోపిన్‌కి ఆ పేరు వచ్చింది జిల్లేడు శాస్త్రీయ నామం కెలొట్రోపిస్ నుంచే. అదే విషం మోనార్క్ ఒంట్లోనూ దొరికింది. (తెల్ల జిల్లేడు వేరులో వినాయకుడున్నాడని డబ్బులు పోసి కొనేవాళ్ళు, ఆ చెట్టు ఆకు కింద జరిగే ఈ తతంగాన్ని ఒక్కసారి వంగి చూడరు.)

మన కణాల పొరల్లో ఒక పంపు ఉంటుంది. విడతకు 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. అది ఆగితే గుండె, నరాలు గతి తప్పుతాయి. తిరిగే మోటారులో పుల్ల ఇరుక్కున్నట్టు కార్డినొలైడ్ వచ్చి అందులో ఇరుక్కుంటుంది. మోనార్క్ పంపు ప్రొటీన్‌లో 122వ స్థానంలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం బదులు హిస్టిడిన్ అనే మరోటి ఉంది కాబట్టి విషానికి పట్టు సరిగ్గా దొరకదు. 2019లో జన్యువుల్ని కత్తిరించి మార్చే పద్ధతైన క్రిస్పర్‌తో ఈ మార్పునీ, దీనికి తోడు మరో రెండింటినీ పండు ఈగలో పెట్టి చూశారు. ఈగ కూడా ఆ విషాన్ని తట్టుకుంది!

విషం పురుగు సొంతం కాదని 1960లలోనే లింకన్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త బృందం తేల్చింది. మిల్క్‌వీడ్ తిని పెరిగిన మోనార్క్‌ని మింగిన బ్లూ జే పక్షి కాసేపటికి కక్కేసింది, ఆ తర్వాత ఆ రంగు చూస్తేనే ముట్టలేదు. క్యాబేజీ మీద పెంచిన మోనార్క్‌ని మాత్రం పక్షులు హాయిగా తినేశాయి. ప్లెయిన్ టైగర్‌దీ ఇదే లెక్క. ఏ మొక్క తిన్నదో దాన్ని బట్టే విషం.

ఇక మీ ప్రశ్నకు వస్తే, గొంగళిపురుగుల్ని చూసి పోల్చుకోవడం ఇంకా తేలిక. చారలు ఇంచుమించు ఒకటే, ఒంటిమీద మెత్తటి నల్ల కొమ్ముల్ని లెక్కపెట్టండి. మోనార్క్‌కి రెండు జతలు, ప్లెయిన్ టైగర్‌కి మూడు. మీ టెక్సస్‌లో మిల్క్‌వీడ్ మీద మూడు జతలు కనబడితే మాత్రం కంగారు పడకండి, అది క్వీన్ అనే మరో దాయాది.