కర్సర్ ఎక్కడ ఆగాలి?

అమ్ములూ, బుజ్జీ,

అమ్ములు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌లో టోటల్_మార్క్స్ మీద డబుల్ క్లిక్ చేస్తే పేరు మొత్తం సెలెక్ట్ అవుతోంది, టోటల్-మార్క్స్ మీద చేస్తే సగమే అవుతోంది, ఎందుకు తాతయ్యా అంది.

ముందు కంట్రోల్ పట్టుకుని కుడి బాణం నొక్కండి. మ్యాక్ అయితే ఆప్షన్. కర్సర్ అక్షరం అక్షరం నడవకుండా మాట మాటకీ దూకుతుంది. దాన్ని రైలనుకోండి. ఉత్త బాణం పాసింజర్ బండి, కంట్రోల్ తోడైతే ఎక్స్‌ప్రెస్. మరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడెక్కడ ఆగాలో ముందే ఎవరో రాసిపెట్టాలిగా? మీరు వాడే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో ఆ జాబితా పేరు వర్డ్ సెపరేటర్స్, అంటే మాటల్ని విడదీసే గుర్తులు. కామా, చుక్క, బ్రాకెట్లు, హైఫన్ (-) అందులో ఉన్నాయి. అండర్‌స్కోర్ (_) లేదు. అందుకే బండి హైఫన్ దగ్గర ఆగుతుంది, అండర్‌స్కోర్‌ని దాటేసి పోతుంది. డబుల్ క్లిక్ చేసినా, కంట్రోల్‌తో బ్యాక్‌స్పేస్ కొట్టి మాట చెరిపినా చూసేది ఈ జాబితానే.

నా చిన్నప్పుడు సెలవులకి పాసింజర్‌లోనే వెళ్లేవాళ్లం. స్టేషన్ బోర్డులు పైకి చదవడం నా పని. నాన్న దగ్గర టైమ్‌టేబుల్ పుస్తకం ఉండేది. మేం ఆగిన స్టేషన్లు చాలావరకు ఎక్స్‌ప్రెస్ పేజీలో కనపడేవే కావు. ఎందుకు తీసేశారని అడిగితే, "ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉన్నచోటే ఆపుతార్రా" అన్నారు.

మీకూ అదే లెక్క. వెబ్ పేజీల రూపు దిద్దే సీఎస్ఎస్ భాషలో బ్యాక్‌గ్రౌండ్-కలర్ అంతా కలిపి ఒకే పేరు. అక్కడ హైఫన్ స్టేషన్ ఎత్తేస్తే ఒక్క దూకులో పేరు దాటేస్తారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అదే గీత తీసివేత గుర్తు, రెండు వేరే పేర్ల మధ్య నిలబడుతుంది, ఆగాల్సిందే. అందుకే ఒక్కో భాషకి ఒక్కో జాబితా పెట్టుకునే వీలుంది. పనిముట్టు ఎలా ఇస్తే అలాగే వాడాలని రూలేం లేదు నాన్నా. చేతికి కుదిరేలా సర్దుకోవడమూ పని నేర్చుకోవడమే.

బిల్ జాయ్ అనే ప్రోగ్రామర్ 1976లో రాసిన వీఐ ఎడిటర్లో రెండు రకాల బండ్లున్నాయి. చిన్న డబ్ల్యూ (w) నొక్కితే విరామ చిహ్నాల దగ్గర కూడా ఆగుతుంది, పెద్ద డబ్ల్యూ (W) నొక్కితే ఖాళీ వచ్చేదాకా ఆగదు. దాన్ని మెరుగుపరిచి 1991లో వచ్చిన విమ్ ఎడిటర్లో ఐఎస్‌కీవర్డ్ అనే సెట్టింగ్ ఉంది. అందులో రాసేది ఆగే చోట్లు కాదు, మాటలో కలిసిపోయే గుర్తులు. అంటే వీఎస్ కోడ్‌కి తలకిందులు. రెండూ వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో వర్డ్ సెపరేటర్స్ అని వెతకండి. ఆ గుర్తుల వరుసలో హైఫన్ ఒక్కటే చెరిపి, మీ ఫైల్లోకి వచ్చి మళ్లీ బాణం నొక్కండి. నచ్చకపోతే పక్కనున్న గేర్ బొమ్మ నొక్కి రీసెట్ చేయండి, భయమేం లేదు.

నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉండేది ఇంకొకటుంది. థాయ్ రాతలో మాటల మధ్య ఖాళీ వదలరు. స్టేషన్ బోర్డులే లేని దారి! అక్కడ మాట ఎక్కడ అయిపోయిందో తెలుసుకోవడానికి బ్రౌజర్లు నిఘంటువు దగ్గర పెట్టుకుని వెతుకుతాయి. థాయ్ పేజీ ఒకటి తెరిచి, వాక్యం మధ్యలో డబుల్ క్లిక్ చేయండి. ఎంతవరకు సెలెక్ట్ అయిందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య