బుల్లీయింగ్‌కి గురైన పిల్లలే బుల్లీలవుతారా? లెక్కలు వేసి చూద్దాం

బుల్లీయింగ్ అంటే తోటి పిల్లల్ని పదేపదే ఏడిపించడం, అలా ఏడిపించేవాడే బుల్లీ. చిన్నప్పుడు వీణ్ణి ఎవరో బాగా ఏడిపించుంటారు, అందుకే ఇప్పుడు వీడు వేరేవాళ్ళని ఏడిపిస్తున్నాడు అని చాలామంది ఖాయంగా అనేస్తుంటారు. ఇందులో నిజమెంతో తేల్చడానికి అమెరికా డేటా ఒకటి బాగా పనికొస్తుంది. అక్కడ 1998లో ఆరు నుంచి పదో తరగతి దాకా 15,686 మంది పిల్లల్ని సర్వే చేశారు, ఫలితాలు 2001లో జామా అనే మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. అప్పుడప్పుడు గానీ అంతకంటే ఎక్కువగా గానీ వేరేవాళ్ళని ఏడిపించేవాళ్ళు 13 శాతం, ఆ ఏడిపించడాన్ని పడేవాళ్ళు 10.6 శాతం, పడుతూ ఏడిపిస్తూ రెండూ చేసేవాళ్ళు 6.3 శాతం.

ఈ 6.3 ఎక్కువా తక్కువా? ఈ రెండూ చేసేవాళ్ళని అటూ ఇటూ కలిపితే పడేవాళ్ళు మొత్తం 16.9 శాతం, ఏడిపించేవాళ్ళు 19.3 శాతం. ఈ రెండిటికీ అసలు సంబంధమే లేదనుకున్నా కొంతమంది రెండు గుంపుల్లోనూ ఉంటారు కదా, అది 16.9 శాతంలో 19.3 శాతం, అంటే 3.3 శాతం దగ్గర్లో, మనుషుల్లో చెప్పాలంటే 510 మంది. కానీ దొరికింది దాదాపు 990 మంది! కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన కై-స్క్వేర్ టెస్ట్ చేసేది ఇదే, పడ్డారా లేదా, ఏడిపించారా లేదా అని నాలుగు గళ్ళ టేబుల్ వేసి, ప్రతి గడిలో ఉన్న సంఖ్యకీ సంబంధం లేకపోతే ఉండాల్సిన సంఖ్యకీ తేడా తీసి, దాన్ని స్క్వేర్ చేసి, ఉండాల్సిన సంఖ్యతో భాగించి, నాలుగూ కూడటం. నాలుగు గళ్ళ టేబుల్‌కి ఆ మొత్తం 3.84 దాటితే యాదృచ్ఛికం అనుకోవడం కష్టం, ఇక్కడ నేను వేస్తే 660 దాకా వచ్చింది. ఇది ముతక లెక్కే, ఎందుకంటే పిల్లల్ని విడివిడిగా కాకుండా క్లాసులకి క్లాసులే ఎంచుకున్నారు, ఒకే క్లాసు పిల్లల జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి అసలు విలువ తగ్గుతుంది, అయినా ఇంత తేడా పోదు.

అంటే సంబంధం ఉంది. కానీ 660 చూసి కంగారు పడొద్దు, అంతమంది పిల్లలుంటే చిన్న తేడాకి కూడా పెద్ద నంబరే వస్తుంది, అసలు చూడాల్సింది శాతాలు. పడనివాళ్ళలో ఏడిపించేవాళ్ళు 16 శాతం లోపు, పడేవాళ్ళలో 37 శాతం. రెట్టింపు కంటే ఎక్కువే, నిజమే, కానీ మిగతా 63 శాతం పిల్లలు పడుతూ కూడా ఎవరినీ ఏడిపించట్లేదు, వాళ్ళ మీద కూడా అనుమానం పెట్టేసుకోవడం చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఆ రెండూ చేసే పిల్లల సంగతి ఇంకా బాధాకరం. నార్త్ కరోలినాలో 1,420 మందిని చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా ఫాలో అయిన స్టడీ 2013లో వచ్చింది, అందులో డిప్రెషన్, పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం) లాంటివి ఎక్కువగా కనిపించింది ఈ గుంపులోనే.

ఇక ముందు ఏది మొదలైందో ఒక్కసారి చేసిన సర్వే చెప్పలేదు. పడి, కోపంతో ఏడిపించారా, ఏడిపిస్తే అవతలివాళ్ళు తిరగబడ్డారా, లేక ఇంట్లో కొట్టుకోవడాలు చూసి రెండూ వచ్చాయా, మూడింటికీ టేబుల్ ఒకేలా ఉంటుంది. మన కాలేజీల్లో ర్యాగింగ్ అయితే ఫస్టియర్‌లో పడటం, తర్వాత సీనియర్ అవడం అని వరస ముందే తెలుసు, స్కూల్లో అలా కాదు. అక్కడ అవే పిల్లల్ని ఏటా అడగాలి, పోయినేడు ఎంత ఏడిపించేవాడో అది కూడా లెక్కలో పెట్టి, ఆ తర్వాత కూడా పోయినేడు పడ్డ దెబ్బ ఈ ఏడు ఏడిపించడాన్ని పెంచిందా అని రిగ్రెషన్‌తో, అంటే ఒక్కో కారణం ప్రభావాన్ని విడదీసి చూసే లెక్కతో చూడాలి.