నేల ఎంత, నింగి ఎంత?

రేడియేషన్‌ను లెక్కపెట్టే గైగర్ కౌంటర్‌తో విమానమెక్కితే మొదట కనిపించేది పెరుగుదల కాదు, తగ్గుదల. విమానం ఒక కిలోమీటరు ఎత్తుకు వెళ్లేసరికి రీడింగ్ పడిపోతుంది. రాళ్లలో, మట్టిలో ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం-40 నుంచి వచ్చే గామా కిరణాలను మధ్యలోని గాలి మింగేస్తుంది మరి. అక్కణ్ణుంచి రీడింగ్ మళ్లీ లేస్తుంది. ఈసారి లెక్క నేలది కాదు, అంతరిక్షం నుంచి వచ్చిపడే విశ్వకిరణాలది.

1912లో భౌతికశాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో ఎగిరి గమనించింది ఇదే. గాలిలో అయనీకరణకు, అంటే గాలి అణువులు విద్యుదావేశం పొందడానికి, కారణమంతా నేలలోనే ఉందని అప్పట్లో చాలామంది నమ్మకం. అయితే 1910లో థియోడర్ వుల్ఫ్ ఈఫిల్ టవర్ మీద కొలిచి చూస్తే, అది అనుకున్నంత తగ్గలేదు. హెస్ ఆగస్టు 7న 5 వేల మీటర్లు దాటి వెళ్లి, పైన అది నేలమీదకంటే బాగా ఎక్కువని తేల్చాడు. నాకు అంతకన్నా నచ్చేది ఆయన ఏప్రిల్ ప్రయాణం. సూర్యగ్రహణం వేళ ఎగిరాడు. చంద్రుడు అడ్డొచ్చినా రీడింగ్ తగ్గలేదు. అంటే ఆ కిరణాలు ప్రధానంగా సూర్యుడి నుంచి రావడం లేదన్నమాట. 1936లో నోబెల్ వచ్చింది.

విశ్వకిరణాలకు గాలే అడ్డు. మన నెత్తిన ఉన్న గాలి బరువు సుమారు పది మీటర్ల నీటి బరువుతో సమానం. విమానాలు తిరిగే 11 కిలోమీటర్ల ఎత్తులో అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు కిందే ఉండిపోతుంది. అందుకే సముద్రమట్టం దగ్గర గంటకు 0.03 మైక్రోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలత) ఉండే విశ్వకిరణాల మోతాదు అక్కడ సుమారు 3 నుంచి 8 దాకా ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రం భూమధ్యరేఖ దగ్గర ఎక్కువ కాపు కాస్తుంది, ధ్రువాల వైపు తక్కువ. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న ఏళ్లలో మోతాదు తగ్గడం మాత్రం కాస్త వింతే. అప్పుడు బలపడిన సౌర అయస్కాంత క్షేత్రం సౌరకుటుంబం బయటి నుంచి వచ్చే కణాలను నెట్టేస్తుంది.

అయితే విమానంలో గైగర్ కౌంటర్ చూపే అంకెను పూర్తిగా నమ్మకూడదు. ఆ ఎత్తులో మోతాదులో పెద్ద వాటా విద్యుదావేశం లేని న్యూట్రాన్లది. మామూలు గైగర్ ట్యూబు వాటిని దాదాపు పట్టుకోలేదు. అందుకే విమాన సిబ్బంది మోతాదును చాలాచోట్ల మార్గం, ఎత్తు, సౌరస్థితిని బట్టి కంప్యూటర్ నమూనాలతో లెక్కకడతారు.

కొండమీద ఇంకో చిక్కు. గ్రానైట్ బండ మీద కౌంటర్ పెడితే పెరిగింది ఎత్తు వల్లా, రాయి వల్లా అన్నది తేలదు. దగ్గర్లో పెద్ద సరస్సుంటే పడవలో ఒడ్డుకు దూరంగా వెళ్లి కొలవడం మంచి పద్ధతి. అడుగునుంచి వచ్చే కిరణాలను లోతైన నీరు ఆపేస్తుంది. పరికరం సొంత రొద (బయటి కిరణాలు లేకున్నా అది చూపే లెక్క) కూడా తీసేస్తే, దాదాపుగా మిగిలేది ఆకాశం వాటాయే.