దిమ్మ ముందు వచ్చింది, నియమం తర్వాత వచ్చింది

ఉత్తరాంధ్ర పట్టణాల్లో రోడ్లు కలిసే చోట గుండ్రని దిమ్మ కట్టి, దానిమీద నాయకుడి విగ్రహమో దీపస్తంభమో నిలిపి, చుట్టూ ఇనుప కంచె వేయడం పాత అలవాటు. విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా కూడలిలో వాహనాలు చిక్కుకున్నప్పుడల్లా సిగ్నల్ పెట్టాలా, రౌండ్‌అబౌట్ కట్టాలా అన్న చర్చ లేస్తుంది. దిమ్మ ఉన్నంత మాత్రాన అది రౌండ్‌అబౌట్ కాదు, లోపల తిరిగే బండికి కొత్తగా వచ్చేది దారి ఇచ్చే నియమమూ ఉండాలన్న సంగతి ఆ చర్చలో తరచూ మరుగున పడుతుంది.

న్యూయార్క్‌లోని కొలంబస్ సర్కిల్ చుట్టూ 1905లో, పారిస్ విజయతోరణం చుట్టూ 1907లో వాహనాలను ఒకే దిశలో తిప్పడం మొదలుపెట్టారు. ముందు ఎవరు వెళ్లాలన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. చాలాచోట్ల బయటినుంచి వచ్చే బండికే లోపల తిరిగే బండి దారి ఇవ్వాల్సి వచ్చేది. రద్దీ పెరిగాక లోపలివి బయటపడలేక, కొత్తవి వచ్చి చేరుతూ, కూడలి మొత్తం బిగుసుకుపోయేది. అమెరికాలో 1950ల నాటికి సర్కిళ్ల మీద నమ్మకం సడలడానికి ఇదే ప్రధాన కారణం. బ్రిటన్‌లో రోడ్డు పరిశోధన ప్రయోగశాల ఇంజినీరు ఫ్రాంక్ బ్లాక్‌మోర్ ప్రయోగాలు ఈ చిక్కును విప్పాయి. లోపల తిరుగుతున్న బండికే ప్రాధాన్యం అన్న నియమం అక్కడ 1966 నవంబరులో అమల్లోకి వచ్చింది. సందు దొరికేదాకా వచ్చేవాడు ఆగుతాడు కనుక పెద్ద దిమ్మ అవసరమూ తగ్గింది.

మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1976లో తెచ్చిన ఐఆర్‌సీ 65 అనే మార్గదర్శక పత్రం మాత్రం వాహనాలు పక్కపక్కన నడుస్తూ వరుస మారడానికి చాలినంత పొడవు ఉండాలన్న పాత లెక్కనే ఆధారం చేసుకుంది. బ్రిటన్ దారి మార్చుకున్న పదేళ్లకు మనం దాని పాత దారి పట్టామన్నమాట. కూడలికి కుడివైపునుంచి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలని 1989 రోడ్డు నిబంధనలు చెప్పాయి. ఎడమ పక్కన నడిచే మన పద్ధతిలో లోపల తిరిగే బండి కుడివైపే ఉంటుంది కనుక ఫలితం ఒకటే. ఐఆర్‌సీ 65 కొత్త కూర్పు 2017లో వచ్చింది, అదే ఏడాది వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు లోపలి వాహనానికే ప్రాధాన్యమని స్పష్టంగా రాశాయి. కొరత చట్టంలో లేదు, దాన్ని గుర్తుచేసే గీతలోనూ బోర్డులోనూ ఉంది.

ప్రయోజనాల మాటకొస్తే, నాలుగు రోడ్ల మామూలు కూడలిలో వాహనాల దారులు ఒకదాన్నొకటి తాకే చోట్లు 32 కాగా, ఒకే వరుస రౌండ్‌అబౌట్‌లో అవి 8. ఎదురెదురుగానో అడ్డంగానో గుద్దుకునే అవకాశం దాదాపు పోతుంది. అమెరికాలో ఇలా మార్చిన కూడళ్లలో గాయాలయ్యే ప్రమాదాలు సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గినట్లు ఒక అధ్యయనం తేల్చింది. అక్కడ తిరిగేవి ఎక్కువగా కార్లు కనుక మన ద్విచక్ర వాహనాలకు ఆ అంకెను ఉన్నదున్నట్టు అన్వయించడం తగదు. మన తీరానికి ఇంకో లాభముంది: 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫానుకీ, 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకీ ఈ ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు, రౌండ్‌అబౌట్‌కు కరెంటుతో పనిలేదు.

ఈ లాభమంతా కట్టే తీరులోనే ఉంది. వచ్చే బండి నేరుగా దూసుకుపోకుండా ఎడమకు వంగి, ముప్ఫై నలభై కిలోమీటర్ల వేగానికి దిగేలా దారి మలచాలి. బయటి వలయం వ్యాసం ఒకే వరుసకు 27 నుంచి 55 మీటర్ల దాకా, చిన్న రకానికి 13 నుంచి 27 మీటర్ల దాకా ఉంటుంది. దిమ్మ అనవసరంగా పెద్దదైతే కుడికి తిరగాల్సిన మోటారు సైకిలు చుట్టు తిరగలేక అపసవ్యంగా దూరిపోతుంది. దిమ్మ చుట్టూ ఆర్టీసీ బస్సు వెనుక చక్రం ఎక్కగల తక్కువ ఎత్తు అంచు ఉంటే తక్కువ స్థలంలోనే పని జరుగుతుంది. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలినుంచి కోటదాకా సిరిమాను (పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో పూజారిని కూర్చోబెట్టి బండిమీద ఊరేగించే పొడవాటి మాను) సాగే దారిలో ఇంకో అడుగు ముందుకెళ్లి, మొత్తం దిమ్మే ఎక్కిపోగలిగేంత చదునుగా ఉండాలి. లేకుంటే పైడితల్లి ఉత్సవానికి ఏటా పగలగొట్టి మళ్లీ కట్టుకోవాలి. రోడ్లమీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలను ఆదేశించింది కనుక అందం పేరుతో దిమ్మను ఎత్తు చేయాల్సిన పనీ లేదు.

నడిచేవారి దాటుడు గీతలు వలయం అంచున కాకుండా ఒక కారు పొడవు వెనక్కి, మధ్యలో నిలబడే డివైడరుతో ఉండాలి. షేర్ ఆటోలు వలయానికి బాగా అవతల ఆగాలి, బయటపడే దారిలో ఒక్క ఆటో ఆగినా లోపలంతా నిలిచిపోతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలాంటి చోట ఇన్ని రోడ్లూ ఒకే వలయంలోకి తెరిస్తే ఒక ప్రవేశానికీ తర్వాతి దానికీ మధ్య ఎడం చాలదు. కొన్నిటిని ముందుగానే పక్క రోడ్డుకు కలపడమో, వన్‌వే చేయడమో తప్పదు. 1976 నాటి ఐఆర్‌సీ పత్రమే ఒక వలయానికి గంటకు మూడు వేల వాహనాలను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. దిమ్మ కట్టాలో వద్దో తేల్చేముందు ఏ రోడ్డునుంచి ఏ రోడ్డుకు ఎన్ని బండ్లు మళ్లుతున్నాయో ఉదయం బడివేళ, సాయంత్రం సంతవేళ విడివిడిగా లెక్కించాలి.